పుట్టమన్ను మీద ఆట

కిందటి నెల ఒక పిల్ల ఫోన్ చేసింది. కొత్తగా సోషల్ టీచరు ఉద్యోగం వచ్చి, గూడెం కొత్తవీధి దాటాక లోపల ఎక్కడో ఆశ్రమ పాఠశాలలో చేరిందట. "మేడమ్, మీరు హిస్టరీ అంతా ఆటలాడించి చెప్పేవారట కదా. ఆ ఆటల కాగితాలు ఉంటే వాట్సాప్‌లో పెడతారా?" అని అడిగింది.

ఉన్నాయి తల్లీ, ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. ఫోటోలు తీసి పంపడం ఎంతసేపు? కానీ ఆ ఆటల్లో ఒకటి ఒక ఆడపిల్ల చదువును మింగేసింది. ఆ సంగతి చెప్పకుండా కాగితాలు పంపడానికి నాకు చెయ్యి ఆడలేదు. అందుకని ముందు ఇది రాస్తున్నాను. ప్రమోషన్లూ ట్రాన్స్‌ఫర్లూ నీకెందుకు, అవి ఎలాగూ వస్తాయి. ఆ కొండ మీద పాఠం చెప్పడమంటే నిజంగా ఏమిటో మాత్రం చెప్తాను. నచ్చకపోతే మానెయ్.

గీత గీసిన రోజు

నేను నర్సీపట్నం దానిని. మొదటిసారి కొండ మీద బడికి వెళ్లినప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్లు. ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల. పిల్లలు అక్కడే ఉండి, అక్కడే తిని, అక్కడే చదువుకుంటారు. సగం మందికి ఇంట్లో మాట్లాడే భాష వేరు, పుస్తకంలో తెలుగు వేరు. నేను మౌర్యులూ గుప్తులూ అని గొంతు చించుకుంటుంటే మర్యాదగా నా నోటి వైపు చూస్తూ కూర్చునేవారు. పరీక్షలో తెల్లకాగితాలు ఇచ్చేవారు. నాకు ఏడుపొచ్చేది. కోపమూ వచ్చేది, అబద్ధం ఎందుకు, ఇద్దరు ముగ్గురిని కొట్టాను కూడా.

ఒకరోజు విసుగెత్తి పుస్తకం మూసేశాను. ఎనిమిదో తరగతికి రిజర్వు అడవుల పాఠం. వరండాలో సుద్దముక్కతో అడ్డంగా గీత గీసి, "ఇటు ఊరు, అటు అడవి. నిన్నటిదాకా అడవి మీది, ఇవాళ్టి నుంచి తెల్లదొరది" అన్నాను. నలుగురిని అడవి గార్డులను చేశాను. మిగతా వాళ్లు కట్టెలకూ, విస్తళ్లు కుట్టే అడ్డాకులకూ గీత దాటాలి. ముప్పావు గంట ఆ వరండా దద్దరిల్లింది. మూడేళ్లుగా నోరు విప్పని పిల్లలు గార్డుల కాళ్లు పట్టుకున్నారు, బతిమాలారు, తిట్టారు, దొంగతనంగా దాటారు. ఆ ఏడాది ఆ ప్రశ్నకు ఒక్కరూ తెల్లకాగితం ఇవ్వలేదు.

అయితే గంట కొట్టాక ఒకటి జరిగింది. గార్డు వేషం వేసిన పిల్ల కట్టెలు కొట్టేవాళ్ల దగ్గర లాక్కున్న అట్టముక్కల కత్తులు తిరిగి ఇవ్వనంది. "రేపు రండి, సూత్తాను" అంటూ వాటిని చంకలో పెట్టుకుని అన్నానికి వెళ్లిపోయింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పెత్తనం ముప్పావు గంటలో ఒంటికి పట్టేస్తుందని నాకు ఆ రోజే అర్థం కావాలి. కాలేదు.

ఇది ఆటేటి మేడం

ఆటలు పెరిగాయి. రోడ్డు వెట్టి ఆట ఒకటి తయారుచేశాను. కొండల్లో రోడ్లు వేయడానికి జనాన్ని కూలి లేకుండా ఎలా తోలుకెళ్లేవారో చూపించాలని, బడి వెనకాల రాళ్లకుప్ప నుంచి గేటు దాకా రాళ్లు మోయించాను. మోస్తున్నారు, నవ్వుతున్నారు, పాటలు పాడుతున్నారు. నాకు చిర్రెత్తింది. "మీకు అన్యాయం అనిపించట్లేదా?" అని అరిచాను.

ఒక పిల్ల రాయి దించి, "ఇది ఆటేటి మేడం? ఆదోరం ఆదోరం సేసే పనే కదా" అంది.

నిజమే. ప్రహరీగోడకని మా పెద్ద మేడమ్ ప్రతి ఆదివారం వాళ్ల చేత ఆ రాళ్లే మోయిస్తోంది. పెద్ద మేడమ్ అంటే మా హెడ్‌మిస్ట్రెస్. గోడ ఆవిడ పూర్తి చేయించింది కూడా. నేను ఏమీ అనలేదు. చరిత్రలో అన్యాయాన్ని చూపించడం తేలిక. ఎదురుగా కనిపిస్తున్నదాన్ని అనడానికి నోరు పెగలదు. నా ఉద్యోగమంతా నేను ఈ ఒక్క పరీక్షే రాశాను, ఎక్కువసార్లు తప్పాను.

చీటీలో వచ్చిన పాత్ర

ఇప్పుడు అసలు సంగతి. ఇరవై ఏళ్లు దాటింది.

తెల్లదొరల కాలంలో కొన్ని ఊళ్లకు ఒక పెత్తందారు ఉండేవాడు, ముఠాదారు అంటారు. శిస్తు వసూలు చేసి పైకి కట్టడం, తగవులు తీర్చడం అతని పని. నేను రాసుకున్న ఆటలో ముఠాదారు ఒక రైతు మడి మీద కన్నేస్తాడు. "ఆ మడి ముఠాదారుదే" అని పదిమందిలో అబద్ధపు ఒట్టు వేయమని తన పనిమనిషిని బెదిరిస్తాడు. ఆమె వేస్తుంది. రైతు మడి పోతుంది. పాత్రలు చీటీలు తీసి పంచుతాను, ఎవరికి ఏది వస్తే అది ఆడాలి.

ఆ వారం పైఆఫీసరు మా బడి చూడటానికి వస్తున్నాడు. నా ఆట చూపించాలని నాకు యమా సరదా. అంతా నిజంలా ఉండాలని పిల్లల్నే అడిగాను, మీ ఊళ్లలో ఒట్టు ఎలా వేస్తారని. చెప్పారు. పుట్టమన్ను, బియ్యం అడ్డాకులో పెడతారు. ఒట్టు వేసేవాళ్లు చిటికెడు నోట్లో వేసుకుని, "నా మాట అబద్దమైతే ఈ మన్ను నా ఇంటిని తినాల" అంటారు. అంతే, ఆ తర్వాత ఇంక తగవు లేదు.

పుట్టమన్ను తెమ్మని వంటామె దేముడమ్మకు చెప్పాను. ఆవిడ ఆ కొండల మనిషే. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మన్నెందుకు మేడం? పిండో సున్నమో ఎట్టుకోండి. మన్నుతోటి ఆటలొద్దు" అంది.

"నాటకమే కదా దేముడమ్మా."

"నాటకం మీకు. మన్నుకేటి తెలుస్తాది?"

నేను నవ్వి, నేనే వెళ్లి తెచ్చుకున్నాను. బడి వెనక పుట్ట లేకపోలేదు.

పనిమనిషి చీటీ చిలకమ్మకు వచ్చింది. కొర్రా చిలకమ్మ, తొమ్మిదో తరగతి, కోదు తెగ పిల్ల. మూడు గంటలు నడిస్తే వాళ్ల ఊరు. అందరికంటే ముందు లేచి అందరికంటే వెనక పడుకునే రకం. పదోతరగతి తర్వాత నర్సు చదువుకు వెళ్తానని నా వెంటపడి ఇంగ్లీషు మాటలు రాయించుకునేది. అంతవరకూ దాని ఊరి నుంచి ఏ ఆడపిల్లా పది దాటలేదు.

ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు. ఆట చక్కగా సాగింది. ఒట్టు దగ్గరికి వచ్చేసరికి చిలకమ్మ అడ్డాకు ముందు ఆగిపోయింది. నా వైపు తిరిగి, "మేడం, నోట్లో ఎయ్యకుండా ఒట్టినే సెప్పనా?" అని అడిగింది, చాలా మెల్లగా.

ఆఫీసరు చూస్తున్నాడు. "పరవాలేదమ్మా, ఆటేగా, బేగి కానియ్" అన్నాను. అది చిటికెడు తీసుకుని మళ్లీ ఆకులో వదిలెయ్యడం చూశాను. చూసి కూడా, "కానియ్" అని మళ్లీ అన్నాను. ఈసారి గొంతు కొంచెం పెంచి.

వేసుకుంది. చెప్పింది. ఆఫీసరు చప్పట్లు కొట్టి, "చాలా రియలిస్టిక్‌గా ఉంది మేడమ్" అన్నాడు. పిల్లలు మాత్రం ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. సార్ ముందు భయపడుతున్నారు కాబోలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వీలు చూసుకుని వస్తాను

తొమ్మిది రోజులకు చిలకమ్మ తండ్రి సింగన్న వచ్చాడు. వానల కాలం, మోకాళ్ల దాకా బురద. శనివారం మధ్యాహ్నం. వరండా కింద నిలబడి గొడుగు మడిచాడు. చిలకమ్మ చెల్లికి, మూడేళ్లది, జ్వరమట. ఆసుపత్రికి మోసుకెళ్లారు, మలేరియా అని మాత్రలిచ్చారు. మాత్రలు వేస్తున్నారు. కానీ తగ్గట్లేదు.

"మా సిలకమ్మ గుంట ఇక్కడ మన్ను తిని ఒట్టేసిందని ఊర్లో తెలిసిపోనాది మేడం" అన్నాడు. "అది అబద్దం ఒట్టని అందరికీ తెలుసు. దానోలనే సిన్నదానికి జొరమని అంటన్నారు. దాని తల్లీ అదే అంటంది."

"ఛ, అలా కాదు సింగన్నా, అది దోమల వల్ల..."

"దోమో మన్నో నాకు తెలీదు మేడం. మందు ఎయ్యనని నానన్నేదు. ఒక్కపాలి మీరు మా ఊరొచ్చి ఒట్టు తియ్యాల. ఎయించినోలే తియ్యాల. పదిమందిలో నీల్లు ఒంపి, 'ఈ మాట నాది, గుంటది కాదు' అంటే అయిపోద్ది, సోమారం గుంట బడికొచ్చేద్ది. నాను తోవలో తోడుంటాను."

నేను పెద్ద మేడమ్ గదిలోకి వెళ్లి చెప్పాను. ఆవిడ ఫైలులోంచి తల ఎత్తలేదు. "పద్మా, నీకు మతి ఉందా? రేపు పేపర్లో పడుతుంది, టీచరమ్మ ఒట్టు తీసింది అని. మనం పాఠాలు చెప్పే వాళ్లమా, మంత్రాలేసే వాళ్లమా? డాక్టరుకు చీటీ రాసి పంపించెయ్" అంది.

ఆవిడ మాట నాకు బాగా నచ్చింది. ఎందుకు నచ్చిందో కూడా చెప్తాను, ఇప్పుడు దాచుకునేదేముంది. నాలుగింటికి నర్సీపట్నం బస్సుంది. అది తప్పితే వచ్చే శనివారం దాకా ఇంటికి వెళ్లలేను. వానలో మూడు గంటల నడక, వాగు, బురద, జలగలు. మూఢనమ్మకం, శాస్త్రం అన్నవన్నీ తర్వాత ఆలోచించి పెట్టుకున్న మాటలు. ఆ నిమిషాన నా మనసులో ఉన్నది బస్సు.

డాక్టరుకు చీటీ రాశాను. జ్వరం మాత్రలు నాలుగు పొట్లం కట్టాను. సింగన్న రెండూ రెండు చేతులతో తీసుకున్నాడు. కదల్లేదు. అలా నిలబడితే నాకు ఏం చెయ్యాలో తోచక, "సరే సింగన్నా, వీలు చూసుకుని వస్తాను" అన్నాను.

"ఎప్పుడు మేడం?"

"వస్తానన్నాగా. ఒకటి రెండు రోజుల్లో."

మా కింద ఊళ్లలో ఆ మాటకు అర్థం ఏమిటో నీకూ తెలుసు, నాకూ తెలుసు. రాను అని మొహం మీద చెప్పలేక అనే మాట అది. కొండ మీద అలా కాదు. అక్కడ వస్తానంటే రావడమే. అన్నేళ్లు ఉండి కూడా నాకు ఆ సంగతి తెలియదంటే నువ్వు నమ్మకు. తెలుసు. చిలకమ్మను వెంటబెట్టుకుని సింగన్న వెళ్లాడు. నేను బస్సెక్కాను.

బుధవారం ఆ చంటిది చచ్చిపోయింది.

చిలకమ్మ బడికి రాలేదు. వారం చూశాను, నెల చూశాను. దేముడమ్మే చెప్పింది. "ఆ గుంట ముట్టుకున్న నీల్లు ఎవులూ తాగట్లేదు మేడం. తల్లి మాటాడటం నేదు. గడప అవతల కూకోబెట్టి ముద్ద ఎడతన్నారు" అంది. నాతో అంత మాట్లాడటం అదే ఆఖరు. ఆ తర్వాత నా కంచంలో అన్నం పెట్టేది, అంతే.

అప్పుడైనా వెళ్లవచ్చు కదా? వెళ్లలేదు. ఇప్పుడు వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది, వాళ్ల నమ్మకాన్ని నిజం చేసినట్టవుతుంది అని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. సిగ్గు పడాల్సిన చోట సిద్ధాంతం చెప్పడం చదువుకున్న వాళ్ల రోగం. సంక్రమిస్తుంది, జాగ్రత్త.

శాలువా

మరుసటి ఏడాది కిందికి బదిలీ అయింది. ఆ ముఠాదారు ఆటను జిల్లాలో టీచర్ల ట్రైనింగులో నా చేత ఆడించారు. అక్కడ పుట్టమన్ను బదులు రాగిపిండి వాడాను, ఎందుకని ఎవరూ అడగలేదు. శాలువా కప్పారు. ఆ శాలువా మా అమ్మ పోయేదాకా చలికి కప్పుకుంది. దాని మీద నాకు చెప్పడానికి ఇంకేం లేదు.

తొమ్మిది, సగం

రిటైరయ్యే ముందు మూడేళ్లు మళ్లీ ఆ బడికే వేశారు. పెద్ద మేడమ్ కాలం చేసింది, దేముడమ్మ ఊరెళ్లిపోయింది. ప్రహరీగోడ ఉంది. ఆఖరి ఏడాది జూన్‌లో ఆరో తరగతి అడ్మిషన్లు రాస్తూ కూర్చున్నాను. ఒకామె పిల్లను తీసుకుని వచ్చింది. సీలేరు అవతలి నుంచట. ఫారం నింపుతూ తల ఎత్తకుండానే అడుగుతున్నాను. పిల్ల పేరు? తండ్రి పేరు? తల్లి చదువు?

"తొమ్మిది" అంది. కాస్త ఆగి, "తొమ్మిది, సగం" అంది.

అప్పుడు తల ఎత్తాను. ఆనవాలు పట్టలేకపోయాను. అది కూడా రాసెయ్యాలి. ఏ మొహం నాకు ఇరవై ఏళ్లు నిద్ర లేకుండా చేసిందని చెప్పుకుంటున్నానో, ఆ మొహం ఎదురుగా ఉంటే పోల్చుకోలేకపోయాను. "నాను సిలకమ్మని మేడం" అని తనే చెప్పింది.

పెన్ను కింద పెట్టాను. లేచి చెయ్యి పట్టుకున్నాను. ఏడ్చాను, పిల్ల బెదిరిపోయింది. "తప్పయిపోయిందమ్మా, నీ చేత ఆ ఒట్టు వేయించకుండా ఉండాల్సింది. ఆ మన్ను వల్లే మీ చెల్లి పోయిందని నువ్వు ఎంత..." అంటుంటే ఆమె నా మాటకు అడ్డం వచ్చింది.

"సెల్లి జొరంతోనే పోనాది మేడం. నాకప్పుడే తెలుసు. సైన్సు మేడం దోమ బొమ్మేసి సెప్పింది కదా. ఒట్టోలన అని నానెప్పుడూ అనుకోనేదు."

పట్టుకున్న చెయ్యి వదిలేశాను.

"అమ్మ అనుకుంది. ఊరు అనుకుంది. మీరొచ్చి 'నానే పలికించినాను' అని ఒక్క మాటంటే, అది నా మీంచి మీ మీదకి ఎలిపోయేది. మీరు కిందకెలిపోయే మనిసి, మీకేటయిపోద్ది? నాను సోమారం బడికొచ్చేద్దును." కోపంగా అనలేదు. లెక్క ఎక్కడ తప్పిందో చూపించే పిల్లలా అంది. "నాన్న మూడు రోజులు వాగు కాడ కూకున్నాడు మేడం. మీకు దాటడం రాదని, సెయ్యట్టుకుని దాటిత్తానని. అమ్మ తిట్టినా లెగనేదు. సెల్లి పోనాదని సెప్పడానికి నానే ఎల్లినాను, అప్పుడు లెగిసాడు."

"ఇప్పుడు వస్తాను చిలకమ్మా" అన్నాను. "రేపే వస్తాను. మీ ఊళ్లో, పదిమందిలో చెప్తాను."

"ఎవులి ముందర సెప్తారు మేడం? అమ్మ నేదు, నాన్న నేదు. ఆ పెద్దోలు ఎవులూ నేరు. నన్ను సీలేరు అవతలకి ఇచ్చీసినారు, ఇప్పుడు నా సేతి నీల్లు అందరూ తాగుతన్నారు." కూతురి జడ సరిచేసింది. "ఈ గుంటని మాత్రం దానిది కాని మాట పలికించకండి. అంతే."

సంతకం పెట్టమంటే పెట్టింది. అక్షరాలు గుండ్రంగా, నేను రాయించిన తీరులోనే ఉన్నాయి. బస్సు టైమైందని వెళ్లిపోయింది.

కారణం అనే గడి

ఆ సాయంత్రం పాత రికార్డుల బీరువా తెరిపించాను. బడి మానేసిన పిల్లల రిజిస్టరు. ఆ ఏడాది క్లాస్ టీచరును నేనే కాబట్టి దస్తూరీ నాదే. పేరు, తరగతి, ఆ పక్కన కారణం అనే గడి. అందులో "తల్లిదండ్రుల మూఢనమ్మకం, చదువుపై అనాసక్తి" అని ఉంది. కింద నా సంతకం.

చదువుపై అనాసక్తి. వానలో మూడు గంటలు నడిచి వచ్చి, కూతురు మళ్లీ బడికి రావాలని నన్ను బతిమాలిన మనిషికి ఆ మాట రాశాను. పాతికేళ్లు పిల్లలకు నేర్పింది ఒకటే: ఏ కాగితం చూసినా, ఇది ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడగండి అని. నా కాగితాన్ని అడిగేవాళ్లు లేరు. వందేళ్ల తర్వాత ఎవరైనా ఆ కొండల ఆడపిల్లల చదువు గురించి రాయాలనుకుంటే వాళ్లకు దొరికేది అదే.

కొట్టేసి దిద్దబోయాను. ఇప్పటి హెచ్ఎం చిన్నది, మంచిపిల్ల. "వద్దు మేడమ్, పాత రికార్డు దిద్దకూడదు, రేపు ఆడిట్‌లో నాకు ఇబ్బంది" అని చేతులు పట్టుకుంది. ఆమెదీ నిజమే. మూసేశాను.

ఆటల కాగితాలు రేపు పంపుతాను తల్లీ. ఆడించు, చాలా మంచివి. ఆట అయిపోయిందని పిల్లలకు గట్టిగా చెప్పు, లాక్కున్నవి తిరిగి ఇప్పించు. ఎవరైనా 'ఒట్టినే సెప్పనా' అని అడిగితే ఎదురుగా ఎవరు కూర్చున్నా ఆపెయ్. తండ్రి వచ్చి నిలబడితే చెప్పులు వేసుకుని బయల్దేరు. ముఠాదారు ఆట మాత్రం పంపను. దాని బదులు ఆ రిజిస్టరులో ఉండాల్సిన వరుస రాసి పంపుతున్నాను, నీ దగ్గర ఉంచుకో.

కొర్రా చిలకమ్మ, తొమ్మిదో తరగతి. బడి మానేసిన కారణం: సోషల్ టీచరు వస్తానని చెప్పి రాలేదు.